తుపాకీ హింసకు ఏ రాష్ట్ర చట్టం మేలు: కొనేముందు అనుమతా, ముప్పు కనిపించాక స్వాధీనమా?

అమెరికాలో 2021లో తుపాకీ గుళ్లకు 48,830 మంది బలయ్యారు. వారిలో 26,328 మంది, అంటే సగానికి పైగా, తమను తామే కాల్చుకున్నవారు. రాష్ట్ర శాసనసభల్లో జరిగే వాదోపవాదాల్లో ఈ రెండో అంకె తరచూ మరుగున పడుతుంది. ఏ చట్టం మేలో తేల్చడానికి మాత్రం దానితోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే హత్యలను తగ్గించే చట్టమే ఆత్మహత్యలనూ తగ్గిస్తుందన్న నియమం లేదు.

దేశమంతటికీ వర్తించే 1993 నాటి బ్రేడీ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న దుకాణదారు తుపాకీ అమ్మే ముందు కొనేవాడి నేరచరిత్రను తనిఖీ చేయించాలి. తన సొంత తుపాకీని అమ్ముకునే వ్యక్తికి ఆ నిబంధన లేదు. పైగా మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే దుకాణదారు అమ్మేయవచ్చు. 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడికి తుపాకీ దొరికింది ఈ సందులోంచే. ఈ లోటును పూడ్చడానికి రాష్ట్రాల ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి: తనిఖీని అన్ని అమ్మకాలకూ విస్తరించడం, కొనేముందే అనుమతి పత్రం తప్పనిసరి చేయడం, ప్రమాదకరంగా ప్రవర్తిస్తున్న వ్యక్తి దగ్గరున్న తుపాకులను కోర్టు ఉత్తర్వుతో తాత్కాలికంగా తీసివేయడం.

మొదటి దారి వినడానికి సహేతుకంగా ఉన్నా, ఒంటరిగా చేసిన మేలు తక్కువ. కాలిఫోర్నియా 1991లో తనిఖీని దాదాపు అన్ని అమ్మకాలకూ విస్తరించింది. తర్వాతి పదేళ్ల లెక్కలు చూసిన పరిశోధకులకు తుపాకీ మరణాల రేటులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

రెండో దారికి బలమైన ఆధారం ఉంది. 1995లో కనెక్టికట్, చేతి తుపాకీ కొనదలచినవారికి 21 ఏళ్ల వయసు, కనీసం 8 గంటల శిక్షణ, ముందస్తు అనుమతి ఉండాలని నిర్ణయించింది. మొదటి పదేళ్లలో తుపాకీ హత్యలు దాదాపు 40 శాతం తగ్గాయని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అంచనా వేశారు. 22 ఏళ్ల కాలానికి తిరిగి లెక్కవేసినప్పుడు అది 28 శాతానికి దిగింది. మిస్సోరిలో కథ తలకిందులుగా నడిచింది. అక్కడ 1921 నుంచి ఉన్న అనుమతి చట్టాన్ని 2007లో రద్దు చేశారు, ఆ తర్వాత తుపాకీ హత్యల రేటు సుమారు నాలుగో వంతు పెరిగిందని పరిశోధకులు లెక్కగట్టారు. 2018 జూలైలో వరంగల్‌కు చెందిన ఒక విద్యార్థి ఆ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో, తాను పనిచేసే రెస్టారెంటులోనే కాల్పులకు బలయ్యాడు. పాత చట్టం ఉండి ఉంటే అతను బతికేవాడని ఎవరూ చెప్పలేరు. చట్టాల ఫలితం రేట్లలో కనిపిస్తుంది తప్ప ఒక్కొక్క ప్రాణంలో కాదు.

అనుమతికీ దుకాణంలో తనిఖీకీ ఇంత తేడా ఎందుకు? వేరొకరి కోసం కొనిపెట్టే మనిషి దుకాణంలో ఒక కాగితం నింపి బయటపడగలడు, కాని పోలీసుల ఎదుట నిలబడి వేలిముద్రలు ఇవ్వాలంటే వెనకాడతాడు. తుపాకీ లైసెన్సు కోసం పోలీసు విచారణ, ఎన్నికలు రాగానే ఆయుధాన్ని స్టేషన్లో అప్పగించడం చూసిన ఆంధ్ర, తెలంగాణ వారికి ఇందులో వింతేమీ లేదు. అయితే ఆయుధధారణ రాజ్యాంగ హక్కైన చోట రుసుమూ జాప్యమూ పెరిగితే ఆ భారం ముందుగా పేదలపై పడుతుందన్న అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. కనుక అనుమతి రుసుము నామమాత్రంగా ఉండాలి, నిర్ణయానికి గడువు ఉండాలి.

మూడో దారిని రెడ్ ఫ్లాగ్ చట్టం అంటారు. దీనికీ 1999లో కనెక్టికట్టే ఆద్యురాలు. ఆ రాష్ట్ర అనుభవాన్ని అధ్యయనం చేసినవారి అంచనా ప్రకారం 10 నుంచి 20 స్వాధీనాలకు ఒక ఆత్మహత్య ఆగింది. పార్క్‌లాండ్ పాఠశాలలో 17 మంది చనిపోయాక, 2018లో ఫ్లోరిడా రిపబ్లికన్ గవర్నరు కూడా ఇలాంటి చట్టంపై సంతకం చేశారు. రాజకీయంగా దీనికున్న సౌలభ్యం అది. లోపం ఏమిటంటే, ఎవరో ఒకరు కదిలితే తప్ప ఇది కదలదు. 2022లో బఫెలోలో పది మందిని చంపిన యువకుడు అంతకు ఏడాది ముందే బెదిరింపు మాటలతో పోలీసుల దృష్టికి వచ్చినా, న్యూయార్క్‌లో చట్టం ఉండి కూడా ఎవరూ ఉత్తర్వు కోరలేదు. అనుమతి చట్టం కూడా మనుషుల చేతుల్లోనే నడుస్తుంది: ఇల్లినాయిలోని హైలాండ్ పార్క్‌లో 2022లో కాల్పులు జరిపిన హంతకుడికి తండ్రి పూచీతో తుపాకీ అనుమతి కార్డు వచ్చింది, అదీ కొద్ది నెలల ముందు పోలీసులు అతని కత్తులు పట్టుకుపోయాక.

న్యాయస్థానాల వైపు చూస్తే అనుమతి, రెడ్ ఫ్లాగ్ చట్టాలు రెండూ నిలిచేలాగే ఉన్నాయి. గృహహింస ఉత్తర్వు ఉన్నవారి నుంచి తుపాకీని దూరం పెట్టవచ్చని 2024లో సుప్రీంకోర్టు 8–1 తీర్పు చెప్పింది. అదే ఏడాది మేరీల్యాండ్ చేతి తుపాకీ లైసెన్సును ఫెడరల్ అప్పీళ్ల కోర్టు సమర్థించింది.

రెండూ లేని రాష్ట్రం ఒకటే ఎంచుకోవలసి వస్తే, నా మొగ్గు అనుమతి చట్టం వైపే, ఎందుకంటే అది ఎవరి ఫిర్యాదు కోసమూ ఎదురుచూడకుండా ప్రతి కొనుగోలుకూ వర్తిస్తుంది. శాసనసభలో దానికి బలం చాలని చోట రెడ్ ఫ్లాగ్ చట్టంతో మొదలుపెట్టడం తప్పు కాదు. టెక్సస్ వంటి చోట్ల ఆ తలుపూ మూసుకుంది, 2025లో అలాంటి ఉత్తర్వులనే నిషేధించారు. తెలుగువారు గణనీయంగా ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో రెడ్ ఫ్లాగ్ చట్టాన్ని 2016లో ఓటర్లే తెచ్చుకున్నారు. 2025లో ఆమోదించిన అనుమతి చట్టం 2027 మే నుంచి అమలు కావలసి ఉంది. అక్కడి రెడ్ ఫ్లాగ్ చట్టం కింద కుటుంబ సభ్యులు కూడా నేరుగా కోర్టును ఆశ్రయించవచ్చు. కొడుకు కుంగుబాటును పరువు కోసం నాలుగు గోడల మధ్య దాచుకునే మన ఇళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసన్నది వేరే ప్రశ్న.