బి12 ప్యాచ్‌లు కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

"ఇంజెక్షన్ వద్దు, మాత్ర వద్దు, చేతికి అంటించుకుంటే చాలు" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న విటమిన్ బి12 ప్యాచ్‌లు కొనాలనుకునేవాళ్లు దయచేసి ఒక్క నిమిషం ఆగండి. మా అమ్మకు బి12 బాగా తక్కువగా ఉంది, సూదంటే భయం, అందుకని ఇంట్లో ఇవి తెప్పించాం. కోర్సు మొత్తం వాడాక రక్త పరీక్ష చేయిస్తే బి12 అంకె దాదాపు ఉన్నచోటే ఉంది. అరికాళ్ల తిమ్మిర్లు మాత్రం పెరిగాయి, ప్యాచ్ అంటించిన చోటల్లా ఎర్రగా దద్దుర్లు. డాక్టరు మళ్లీ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

అమ్మినవాళ్లకు రాస్తే వచ్చిన జవాబు: "సిగరెట్ మానడానికి వాడే నికోటిన్ ప్యాచ్ పనిచేస్తోంది కదా, ఇదీ అంతే, మీ అమ్మగారి చర్మమే పీల్చుకోవడం లేదు." డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఈ మాట వినడానికి సబబుగానే అనిపిస్తుంది, అందుకే చాలామంది నమ్మేస్తారు, కానీ అసలు మోసమంతా ఇందులోనే ఉంది.

మన చర్మం ఉన్నదే బయటివి లోపలికి రాకుండా ఆపడానికి. అన్నిటికన్నా పైన ఉండే చచ్చిన కణాల పొర మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అయినా ఆ కణాల మధ్య కొవ్వు పదార్థం గట్టిగా పేరుకుని ఉంటుంది కాబట్టి దాన్ని దాటడం చాలా కష్టం. దాటాలంటే మందు అణువు చిన్నదిగా ఉండాలి, కొవ్వులోనూ కొంత కరగాలి, పైగా చాలా కొద్ది మోతాదుకే పనిచేసేదై ఉండాలి. అణుభారం (అణువు బరువు) సుమారు 500 డాల్టన్లు దాటిన అణువు మామూలు చర్మం గుండా సరిపడా వెళ్లదని 2000లో చర్మవైద్య పరిశోధకులు ఒక లెక్క చెప్పారు, మందుల తయారీలో ఇప్పటికీ దాన్నే గుర్తుగా పెట్టుకుంటారు. నికోటిన్ అణుభారం 162. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అంటించే స్కోపలమైన్ 303, దాని ప్యాచ్‌కు అమెరికాలో 1979లోనే అనుమతి వచ్చింది. గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ 227. మరి బి12? దాదాపు 1355, అదీ నీళ్లలో కరిగే రకం. ఇందులో అమ్మ చర్మం తప్పేముంది?

ఇంకో సంగతి, ఇది ఏ ప్యాచ్ కొన్నా చూసుకోండి. మా ప్యాక్ మీద "1000 మైక్రోగ్రాములు" అని పెద్దక్షరాల్లో ఉంది. అది ప్యాచ్‌లో ఉన్న మందు, ఒంట్లోకి వెళ్లేది కాదు. అసలైన మందుల ప్యాచ్ మీద ఎంత సేపట్లో ఎంత మందు లోపలికి వెళ్తుందో రాసి ఉంటుంది: నికోటిన్‌కు 24 గంటల్లో 21 మిల్లీగ్రాములు, తీవ్రమైన నొప్పికి ఇచ్చే ఫెంటానిల్‌కు గంటకు 25 మైక్రోగ్రాములు, ఇలా. ఆ లెక్క చెప్పమని అమ్మినవాళ్లను అడిగితే మూడోసారి మెసేజ్‌కు కూడా జవాబు లేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వాళ్లిచ్చిన సలహా. చర్మాన్ని బాగా రుద్ది, ప్యాచ్ మీద వేడినీళ్ల బ్యాగు పెడితే మందు లోపలికి దిగుతుందట! ఈ అలవాటు రేపు నిజమైన మందు ప్యాచ్ వాడేటప్పుడూ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఫెంటానిల్ ప్యాచ్‌కు వేడి తగిలితే మందు ఒక్కసారిగా ఎక్కువ వెళ్లిపోతుంది, అలా ఊపిరి అందక చనిపోయినవాళ్లున్నారు. వాడి తీసేసిన ప్యాచ్‌లో కూడా ఇంకా బోలెడు మందు మిగిలి ఉంటుంది, పిల్లల చేతికి అందకూడదు. ప్యాచ్‌ను సగానికి కత్తిరించడం కూడా డాక్టరునో ఫార్మసిస్టునో అడగకుండా చేయకండి, కొన్ని రకాల్లో లోపలున్న మందంతా ఒకేసారి బయటికి వచ్చేస్తుంది.

ఇప్పుడు ఇదే ధోరణిలో బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ప్యాచ్‌లని కూడా కనిపిస్తున్నాయి. దాని అణుభారం 4100 పైనే. కంటికి కనిపించనంత సన్నటి సూదులున్న ప్యాచ్‌లతో ఇంత పెద్ద అణువులను పంపే ప్రయత్నాలు నిజంగానే జరుగుతున్నాయి, కాదనను, కానీ వీళ్లు అమ్మేది మామూలు జిగురు స్టిక్కరు.

సూది భయం ఉన్నవాళ్లకు ఒక దారి ఉంది, మాకు ఆలస్యంగా తెలిసింది. పెద్ద మోతాదు బి12 మాత్రలు చాలామందికి పనిచేస్తాయి, పేగుల్లో పీల్చుకునే శక్తి తగ్గినవాళ్లకు కూడా కొంత శాతం ఒంటికి పడుతుంది. మీకు సరిపోతాయో లేదో డాక్టరునే అడగండి. మీ ఇంట్లో ఎవరైనా ఇంజెక్షన్లు మానేసి ఈ ప్యాచ్‌ల మీదే ఉంటే ఈ వారమే రక్త పరీక్ష చేయించండి, బి12 లోపం ఎక్కువ కాలం ఉంటే నరాలకు జరిగే నష్టం తర్వాత పూర్తిగా తగ్గకపోవచ్చు.