పెత్తనమా, పొత్తా? తుపాను సాయంలో ఏది మేలు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు లేక మోటార్లు ఆగి తాగునీళ్లకు కటకట. ఆ తర్వాత సాయం లారీలు వరస కట్టాయి. మేం కొందరు కుర్రాళ్లం బిస్కెట్ పెట్టెలతో ఒక ఊరికి వెళితే, ఒక మామ్మ "బాబూ, బిస్కట్లు ఇది నాలుగోపాలి. బిందుడు నీలు తెచ్చినోలు నేరు" అంది, బిందెడు నీళ్లు తెచ్చినవాళ్లే లేరని.

ఎవరి దారిన వాళ్లు వెళితే ఇంతే. రోడ్డు పక్క ఊరికి నాలుగు లారీలు, చెట్లు అడ్డంపడ్డ లోపలి ఊరికి సున్నా. దాని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు. అసలు ప్రశ్న, ఇన్ని సంఘాలను ఎలా నడపాలన్నది.

ఒకరి చేతిలో పెత్తనం పెట్టడం ఒక పద్ధతి. మొదటి రెండు మూడు రోజులకు ఇదే మేలు. మనుషుల్ని తరలించాలి, రోడ్డు మీద చెట్లు కొట్టాలి, చర్చకు టైం ఉండదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా అథారిటీకి అధ్యక్షుడు కలెక్టరే, ఆయన మాట చెల్లుతుంది. కానీ ఒక స్వచ్ఛంద సంస్థ ఇంకో సంస్థ మీద అదే దర్జా చూపిస్తే కుదరదు. ఒక్కో సంస్థకు డబ్బిచ్చేవాళ్లు వేరు, జీతమిచ్చేవాళ్లు వేరు. గట్టిగా మాట్లాడితే మర్నాడు మీటింగుకే రారు.

రెండోది పొత్తు. సునామీ తర్వాత, 2005లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన క్లస్టర్ పద్ధతి ఇలాంటిదే: నీళ్లకో బృందం, గూటికో బృందం, వైద్యానికో బృందం, ఒక్కోదానికి ఒక లీడ్, అంటే ముందుండి నడిపేవాళ్లు. ఆ లీడ్‌కి ఆర్డర్ వేసే అధికారం లేదు, ఒప్పించడమే పని. అందుకే ఇక్కడ నేర్పు కావాలి.

ఆ నేర్పు గోడ మీద చార్టులో కనిపిస్తుంది. ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు ఇస్తున్నారో అందులో గడులుగా రాస్తారు. నిండిన గడులు చదివి చప్పట్లు కొట్టించడం తేలిక. మంచి లీడ్ ఖాళీ గడి మీద వేలు పెట్టి ఆగుతాడు. విపత్తు సాయంలో అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. 600 మంది ఉన్న ఊరికి 9,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. ఒక సంఘం దగ్గర ఒకే ట్యాంకరుంది, ఇంకొకరి దగ్గర జనరేటరుంది. జనరేటరుతో ఊరి మోటారు ఆడిస్తే రెండో ట్యాంకరుతో పనేముంది? ఈ ముడి వేయడమే లీడ్ పని.

పొత్తులో లోటు లేదా అంటే, ఉంది. సాగదీత. టీలు, పరిచయాలు, ఫొటోలతోనే గంట గడిచిపోతుంది. పెద్ద సంస్థలవాళ్లు ఇంగ్లీషు కలిపి దంచుతుంటే మత్స్యకార సంఘం వాళ్లు, డ్వాక్రా ఆడవాళ్లు వెనక గోడకి ఆనుకుని ఊరుకుంటారు. ఏ ఊరికి ఏ దారి తెరిచి ఉందో తెలిసింది మాత్రం వాళ్లకే. ముందు వాళ్లతో మాట్లాడించాలి, అరగంటలో ముగించాలి. నిలబడి మీటింగు పెడితే ఇంకా మంచిది!

నా లెక్కలో మొదటి మూడు రోజులు కలెక్టరు పెత్తనం, ఆపైన పొత్తు. లీడ్ కుర్చీ మాత్రం పంచడానికి సొంత సరుకు లేనివాళ్లకే ఇవ్వాలి. సరుకున్నవాళ్ల చూపంతా తమ లారీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అనే. మేమూ అంతే. మామ్మ మాట విన్నాక కూడా, ఆ బిస్కెట్లన్నీ ఆ ఊళ్లోనే దించేసి వచ్చాం.