169.254 అడ్రస్ వస్తే వైర్‌షార్క్ ఎంతవరకు పనికొస్తుంది

కంప్యూటర్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపించిందంటే, డీహెచ్‌సీపీ సర్వర్ (నెట్‌వర్క్‌లోని పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచేది, ఇళ్లలో సాధారణంగా రౌటరే) నుంచి జవాబు రాక అది తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుందన్నమాట. విండోస్ ట్రబుల్‌షూటర్ చాలాసార్లు ‘సరైన ఐపీ కాన్ఫిగరేషన్ లేదు’ అనేసి ఊరుకుంటుంది. కంప్యూటర్‌కీ సర్వర్‌కీ మధ్య మాట ఎక్కడ తెగిందో చూపించేది వైర్‌షార్క్, అంటే నెట్‌వర్క్‌లో వచ్చిపోయే ప్యాకెట్లను (డేటా ముక్కలను) పట్టి చూపే సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌పీక్యాప్ (ప్యాకెట్లు పట్టే డ్రైవర్) టిక్ మాత్రం తీసేయొద్దు, అది లేకపోతే ప్యాకెట్లు పట్టలేదు.

ఈథర్‌నెట్ ఎంచుకుని క్యాప్చర్ మొదలుపెట్టి, ఫిల్టర్ గడిలో డీహెచ్‌సీపీ అని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి (3.0 కంటే పాత వెర్షన్లలో బూట్‌పీ). తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /రెన్యూ (ipconfig /renew) కొడితే కంప్యూటర్ అడ్రస్ కోసం మళ్లీ అడుగుతుంది. అంతా బాగుంటే డిస్కవర్ (సర్వర్ ఎవరైనా ఉన్నారా అని కంప్యూటర్ అడగడం), ఆఫర్ (సర్వర్ ఒక అడ్రస్ ఇస్తాననడం), రిక్వెస్ట్ (అదే కావాలని కంప్యూటర్ కోరడం), ఏసీకే (సర్వర్ ఖాయం చేయడం) వరుసగా వస్తాయి.

డిస్కవర్ ఒక్కటే మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు రౌటర్‌లో అడ్రస్ పూల్ (పంచడానికి పెట్టుకున్న అడ్రస్‌ల కోటా) నిండిపోయిందేమో చూడాలి, ఆ తర్వాత స్విచ్ పోర్ట్ ఏ వీల్యాన్‌లో (ఒకే స్విచ్‌లో విడగొట్టిన వేరే నెట్‌వర్క్‌లో) ఉందో. కేబుల్ పెట్టిన అర నిమిషం దాకా ఇలా ఉండి దానంతటదే సర్దుకుంటే అది స్పానింగ్ ట్రీ పని (నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా స్విచ్ కొత్త పోర్ట్‌ని కాసేపు ఆపి ఉంచే పద్ధతి). కంప్యూటర్ ఉన్న పోర్ట్‌కి పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఆగడం లేకుండా చేసే స్విచ్ సెట్టింగ్) ఆన్ చేస్తే పోతుంది. అసలు డిస్కవరే లేకపోతే తప్పు మెషిన్‌లోనే: డీహెచ్‌సీపీ క్లయింట్ సర్వీస్ ఆగి ఉండాలి, లేదా స్టాటిక్ ఐపీ (చేత్తో పెట్టిన అడ్రస్) పెట్టి ఉండాలి. ఏసీకే తర్వాత డిక్లైన్ (కంప్యూటర్ ఆ అడ్రస్ వద్దనడం) వస్తే ఆ అడ్రస్ ఇంకెవరో వాడుతున్నారు.

వైర్‌షార్క్ విలువ బాగా తెలిసేది ఒకే డిస్కవర్‌కి రెండు వేర్వేరు సర్వర్ల నుంచి ఆఫర్లు వచ్చినప్పుడు. ఎవరో అదనపు రౌటర్ తెచ్చి దాని ల్యాన్ పోర్ట్‌ని నెట్‌వర్క్‌కి తగిలించి ఉంటారు. ఆఫర్‌లో ఆప్షన్ 54 (సర్వర్ గుర్తింపు) తెరిస్తే ఆ సర్వర్ ఐపీ, ఈథర్‌నెట్ వరుసలో మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు సంఖ్య) కనిపిస్తాయి. ఆ మ్యాక్‌ని స్విచ్ టేబుల్‌లో వెతికితే ఏ పోర్ట్ నుంచి వస్తోందో తేలిపోతుంది. ఇంత సూటిగా దొంగను పట్టిచ్చే పనిముట్టు దొరకడం కష్టం.

లోపాలూ ఉన్నాయి. డిస్కవర్ తెరమీద కనిపించినంత మాత్రాన కేబుల్ దాటిందని కాదు, బయటికి వెళ్లే ప్యాకెట్‌ని నెట్‌వర్క్ కార్డుకి అందకముందే వైర్‌షార్క్ కాపీ చేసుకుంటుంది. ప్రింటర్, కెమెరాల్లో ఇన్‌స్టాల్ చేయలేం, స్విచ్‌లో మిర్రర్ పోర్ట్ (ఇంకో పోర్ట్ ట్రాఫిక్‌ని కాపీ చేసి పంపే పోర్ట్) కావాలి. అది లేకపోతే అదే కేబుల్‌కి ల్యాప్‌టాప్ పెట్టి చూడండి. దానికి అడ్రస్ వస్తే పోర్ట్, కేబుల్ బాగున్నట్టే, ఇక చూడాల్సింది ఆ పరికరం సెట్టింగ్‌లు, రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (మ్యాక్ అడ్రస్ చూసి పరికరాలను అడ్డుకునే సెట్టింగ్).