డెబెన్‌హామ్స్, జాన్ లూయిస్: యాజమాన్యమే తేడా

బ్రిటన్‌లో 1778 నాటి మూలాలున్న డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ డెబెన్‌హామ్స్‌ను 2003లో ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు (కంపెనీలను కొని, తర్వాత లాభానికి అమ్మే పెట్టుబడిదారులు) కొన్నాయి; 2005లో 23 దుకాణాల భవనాలను అమ్మి, వాటినే దీర్ఘకాలిక లీజుకు తీసుకోవడంతో, అమ్మకాలు పడిపోయినా అద్దె తగ్గని చిక్కులో సంస్థ ఇరుక్కుంది. 2021 మేలో చివరి దుకాణాలు మూతపడ్డాయి. పేరును మాత్రం ఆన్‌లైన్ వ్యాపారి బూహూ 5.5 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది.

1864లో మొదలైన జాన్ లూయిస్ కూడా అలాంటి దుకాణాల సంస్థే; అది ఉద్యోగుల తరఫున ఒక ట్రస్టు చేతిలో ఉంది. లాభాలను తరలించుకుపోయే బయటి వాటాదారులు లేకపోవడమే దాన్ని నిలబెట్టిందని నా నమ్మకం. అయినా దెబ్బ తప్పలేదు: కరోనా కాలంలో 16 దుకాణాలను వదులుకుని, 1953 తర్వాత తొలిసారి సిబ్బందికి బోనస్ ఆపింది. మరోచోట తక్కువకు అమ్మితే తామూ ఆ ధరకే ఇస్తామన్న 1925 నాటి హామీని 2022లో విరమించి, 2024లో మళ్లీ తెచ్చింది.