నెట్ లేని రైల్లోనూ పనికొచ్చే యాప్: వేర్ ఈజ్ మై ట్రైన్

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ నుంచి తుని వెళ్లేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఎక్కేది సాయంత్రం, దిగాల్సింది తెల్లవారుజామున, బోగీ అంతా మంచి నిద్రలో ఉన్నప్పుడు. అన్నవరం దాటిందా, ఇంకా సామర్లకోటేనా అని కిటికీలోంచి చూస్తే చీకటి తప్ప ఏమీ కనపడదు. బండి ఔటర్‌లో ఆగితే చాలు, కింది బెర్త్ నుంచి ఎవరో ఒకరు "ఏ స్టేషనండీ?" అంటారు, తెలిసినవాళ్లు పక్కన ఉండరు. మా అమ్మ అయితే ఆ టెన్షన్‌తో రాత్రంతా కూర్చునే ఉండేది.

కొన్నేళ్లుగా మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ వేర్ ఈజ్ మై ట్రైన్ ఉంది. మొబైల్ స్క్రీన్లు డిజైన్ చేయడమే నా ఉద్యోగం కాబట్టి దీన్ని కాస్త ఎక్కువ శ్రద్ధగానే చూశాను. బెంగళూరులో సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ తయారు చేస్తే, 2018లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. రైల్వే వాళ్ల సొంత యాప్ కాదు.

మనం బండిలో ఉన్నప్పుడు దీనికి నెట్ అక్కర్లేదు, జీపీఎస్ కూడా అక్కర్లేదు. దారి పొడవునా ఫోన్ ఏదో ఒక సెల్ టవర్‌ని పట్టుకుంటూ పోతుంది కదా, ఆ టవర్‌ని బట్టే బండి ఎక్కడుందో చెప్పేస్తుంది, టైమ్ టేబుల్ ఎలాగూ ఫోన్‌లోనే ఉంటుంది. ఇది తయారు చేసినవాళ్లు స్లీపర్ బోగీలో ప్రయాణం చేసినవాళ్లే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎందుకంటే బోగీ లోపల జీపీఎస్ సరిగా అందదు, పైగా బ్యాటరీ తినేస్తుంది, ఛార్జింగ్ పాయింట్ చూద్దామా అంటే అక్కడ అప్పటికే ఇంకొకరి ఫోన్ వేలాడుతూ ఉంటుంది.

తెరవగానే లాగిన్ అవ్వమనదు, ఓటీపీ అడగదు. ఈ చిన్న విషయం విలువ నాకు వేరే యాప్ దగ్గర తెలిసింది (పేరు వద్దులెండి). రైల్లోకి భోజనం తెప్పించుకుందామని పది అంకెల పీఎన్ఆర్ కొట్టి, భోజనం ఎంచుకుని, ఓటీపీ కోసం చూస్తుంటే సిగ్నల్ పోయింది. తర్వాతి స్టేషన్ దగ్గర ఓటీపీ వచ్చేసరికి టైమ్ అయిపోయిందని మళ్లీ మొదటికి తీసుకెళ్లింది. ఆఫీసులో వైఫై కింద కూర్చుని చూస్తే ఆ యాప్‌లో తప్పేమీ కనపడదు, కానీ దాన్ని వాడేది కదిలే రైల్లో, ఒక చేత్తో పిల్లాణ్ని పట్టుకుని, ఆకలి మీద ఉన్న మనిషి.

అమ్మ తన ఫోన్‌లో భాష తెలుగు పెట్టుకుంది. స్టేషన్ల పేర్లు పై నుంచి కిందకి వరసగా ఒక గీత మీద ఉంటాయి, ఆ గీత మీద బండి గుర్తు జరుగుతూ ఉంటుంది. అమ్మ కళ్లజోడు బ్యాగులోంచి తీయకుండానే ఆ గుర్తు మీద వేలు పెట్టి "ఇదిగో, పిఠాపురం దాటాం" అంటుంది. మ్యాపు చూపించి ఉంటే ఆమెకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రైలు మనిషి లెక్క స్టేషన్ తర్వాత స్టేషనే. ఇక స్టేషన్ రాకముందే మోగే అలారం ఉంది చూశారూ, దాని పుణ్యమా అని ఇప్పుడు అమ్మ తుని దాకా హాయిగా నిద్రపోతోంది.

ప్రకటనలు ఉంటాయి. పీఎన్ఆర్ చూడాలన్నా, ఇంట్లో కూర్చుని బండి ఎక్కడుందో చూడాలన్నా నెట్ ఉండాల్సిందే.

మొదటిసారి వాడేవాళ్లు స్టేషన్‌కి బయల్దేరే ముందే, నెట్ ఉన్నచోట ఒకసారి తెరిచి మీ బండి వెతికి పెట్టుకోండి, టవర్‌ని చూడటానికి లొకేషన్ అనుమతి అడిగితే ఒప్పుకోండి. రాత్రి ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టకండి, టవర్ అందకపోతే దానికి బండి జాడ అంత తేలిగ్గా దొరకదు. అలారం పెట్టాక సౌండ్ పెంచి, ఫోన్ దిండు పక్కనే ఉంచుకోండి.