మెటాలిక్ గోడ: అంతా బాగుంది, టచప్ ఒక్కటే చేయలేం

హాల్లో సోఫా వెనక గోడకు రాగి ఛాయ మెటాలిక్ ఫినిష్ వేయించి కొన్నేళ్లయింది. కొత్తలో ఎవరడిగినా "ఆలోచించకుండా వేయించేయండి" అనేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ముందు ఒకటి అడుగుతున్నాను: ఆ గోడ మీద స్విచ్ బోర్డు ఉందా?

షేడ్ కార్డులో ఎన్ని రంగులున్నాయి, లీటరు ఎంత మేర వస్తుంది లాంటివి డబ్బా మీద చదువుకోవచ్చు. డబ్బా మీద రాయనిదే ఇక్కడ చెబుతాను.

ముందు మంచి మాట. వెలుతురు మారితే ఈ గోడ కూడా మారుతుంది. పొద్దున కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడేటప్పుడు పైభాగం లేత బంగారు రంగులో ఉంటుంది, కింద ఇటుకరంగు. మధ్యాహ్నం మామూలు గోధుమరంగు గోడే, ప్రత్యేకమేమీ కనిపించదు. రాత్రి మూల ల్యాంపు వేస్తే మళ్లీ ప్రాణం వస్తుంది. ఇది ఇప్పటికీ తగ్గలేదు. రంగు మాసిపోలేదు, నల్లబడలేదు. దానికి కారణం ఉంది. ఇలాంటి నీళ్ల రంగుల్లో మెరిసేది చాలావరకు రాగి పొడి కాదు, సన్నటి అభ్రకం రేకులు. వాటి మీద ఐరన్ ఆక్సైడ్ పల్చటి పొరగా ఉంటే రాగి, కంచు ఛాయలు వస్తాయి. టైటానియం డయాక్సైడ్ పొర ఉంటే ముత్యం తెలుపు. ఐరన్ ఆక్సైడ్ అంటే తుప్పే కదా, ఇక కొత్తగా తుప్పు పట్టేదేముంది! అదే ఇంట్లో అద్దం ఫ్రేముకు వేయించిన ఇమిటేషన్ బంగారు రేకు చూడండి. అది నిజానికి ఇత్తడి, అంటే రాగి, జింకు కలిసిన లోహం. పైన వార్నిష్ సరిగా పడనిచోట, వేళ్లు తగిలేచోట నల్లటి మచ్చలు తేలాయి. గోడ మాత్రం ఆ విషయంలో నిక్షేపంగా ఉంది.

ఇక అసలు సంగతి. ఏసీకి వేరే పాయింటు కావాల్సి వచ్చి ఎలక్ట్రీషియన్ ఈ గోడలోనే గాడి కొట్టాడు. ఇంకో దారి లేదు, పైపు అటే ఉంది. పని నీటుగానే చేశాడు. గాడి సన్నగా, మూర పొడవున ఉంది. సిమెంటుతో పూడ్చాక బాగా ఆరనిచ్చి, లప్పం పెట్టించి, రుద్దించి, ప్రైమర్ వేయించాం. మిగిలిన డబ్బా అటక మీద మూత గట్టిగా బిగించి పెట్టే ఉంది. అదే రంగు, అదే బ్యాచ్. మొదట వేసిన పెయింటరే వచ్చాడు. అడుగున పేరుకున్న రేకులన్నీ పైకి వచ్చేదాకా కర్రతో కలిపి, చిన్న రోలర్‌తో మెత్తగా అద్దాడు. తడి మీద ఉన్నంతసేపూ బాగానే కలిసిపోయినట్టుంది. ఆరాక ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ తెలియలేదు. సోఫా పక్కకి వచ్చి చూస్తే, పట్టీ అతికించినట్టు ముదురు రంగు చార!

"అంచులు కరిగిస్తే పోద్ది సార్" అని స్పాంజితో చుట్టూ అద్దాడు. ఆరాక చార పోయింది, దాని చోట మబ్బు లాంటి మరక వచ్చింది. ఇంకా పల్చగా కలిపి ఇంకాస్త దూరం లాగాడు. మరక ఇంకా పెద్దదైంది. అలా అద్దుకుంటూ పోయి, మూర పొడవు గాడి కాస్తా తలుపంత మచ్చ అయ్యేసరికి అతను బ్రష్ కింద పెట్టేశాడు. "డబ్బా అదే, చెయ్యి అదే. నేనేం చెయ్యను సార్, ఈ రంగు ఇంతే" అన్నాడు. అతని మీద నాకేం కోపం లేదు, నా కోపమంతా రంగు మీదే. మామూలు ఎమల్షన్ గోడలైతే ఇదే మనిషి ఎన్ని పగుళ్లు పూడ్చి టచప్ చేశాడో లెక్కలేదు, ఒక్కటీ నా కంటికి ఆనలేదు.

ఎందుకిలా అవుతుందో తర్వాత అర్థమైంది. రేకు చదునుగా ఉంటుంది. రంగు తడిగా ఉన్నప్పుడు రోలర్ ఎటు నడిస్తే రేకులు అటు వాలతాయి, నీరు ఆవిరయ్యాక అలాగే బిగుసుకుంటాయి. ముఖమల్ గుడ్డను ఒకవైపు నిమిరితే ముదురుగా, ఎదురు నిమిరితే లేతగా కనిపించినట్టే ఇదీనూ. రంగు ఒకటే, వెలుతురును తిప్పికొట్టే వైపు వేరు. పైగా కొత్త లప్పం ఉన్నచోట గోడ నీటిని తొందరగా లాగేస్తుంది, రేకులు చదునుగా పడుకునేలోపే పొర గట్టిపడుతుంది. పాత పొర మీదికి కొత్తది ఎక్కినచోట మందం పెరుగుతుంది. ఇవన్నీ కలిసి ప్యాచ్‌ని పట్టిచ్చేస్తాయి. కొత్తలో నేను మెచ్చుకున్న వెలుతురు ఆట ఉంది చూశారూ, దానికీ దీనికీ మూలం ఒకటే. గోడ మెరిసేది ఏ గుణం వల్లనో, అతుకు దాచుకోలేనిది కూడా అందువల్లనే.

చివరికి మూల నుంచి మూల దాకా గోడంతా మళ్లీ వేయించాల్సి వచ్చింది. ఈసారి నేను పక్కనే నిలబడి చూశాను కాబట్టి, వేయించబోయేవాళ్లకు ఇది పనికొస్తుంది. ముందు ఆ ఛాయకే దగ్గరగా ఉండే మామూలు రంగు అడుగు పూతగా, గోడంతా ఒకేలా నీరు పీల్చేట్టు వేశారు. ఫ్యాన్లు ఆపేశారు. ఒకతను పైనుంచి కిందికి రోలర్ నడుపుతుంటే, వెనకే ఇంకొకతను పొడి వెడల్పు బ్రష్‌తో, బరువు వేయకుండా, పైనుంచి కిందికే లాగుతూ వచ్చాడు. రెండో పట్టీ మొదటిదాని అంచు తడిగా ఉండగానే మొదలుపెట్టాలి. ఈ పని మధ్యలో ఫోనొచ్చినా ఎత్తరు. ఒంటిచేత్తో పెద్ద గోడ వేస్తానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను; ఎక్కడ ఆగాడో అక్కడ గీత ఆరాక తేలుతుంది, దాన్ని తుడవడం కుదరదు.

ఫలితం బాగానే వచ్చింది. అయితే ఇది పాత గోడ కాదు. అప్పుడు మబ్బులు మబ్బులుగా ఉండేది, ఇప్పుడు నిలువు నారలా ఉంది. మా ఆవిడకు ఇదే నచ్చింది. నాకు పాతదే ఇష్టం.

తుడిస్తే మరక పోతుందని కూడా అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పోతుంది, నిజమే. తడి మెత్తటి గుడ్డతో అద్దినంతవరకు. గట్టిగా రుద్దితే మాత్రం ఆ చోటు పాలిష్ పట్టినట్టు వేరే మెరుపు తేలుతుంది. సోఫా మీద తలలు ఆనేచోట ఎవరూ రుద్దకుండానే అలాంటి నిగారింపు వచ్చింది, జుట్టు నూనెతో సహా. సోఫాను జానెడు ముందుకు జరిపాం. లప్పం పనిలో ఎత్తుపల్లాలు ఉంటే ఇది దాచకపోగా చూపిస్తుందన్న సంగతి చాలామందికి తెలిసిందే, వదిలేస్తున్నా.

ఊహించని మేలు పడకగదిలో జరిగింది. అక్కడ మెటాలిక్ లేదు. లేత రంగు అడుగు మీద పారదర్శకమైన గ్లేజ్‌లో కొంచెం ముదురు రంగు కలిపి, నలిపిన గుడ్డతో అద్దించుకున్నాం. హాలు గోడ ముందు అది పేదరాలిలా ఉందని మొదట్లో నాకే చిన్నచూపు. ఆ గోడకు మేకులు కొట్టాం, పీకాం, బీరువా గీరింది. ప్రతిసారీ లప్పం పెట్టి, అడుగు రంగు వేసి, గ్లేజ్ ముంచిన గుడ్డ నేనే నాలుగుసార్లు అద్దాను. ఎక్కడ అద్దానో ఇప్పుడు నన్నే అడిగితే చూపించలేను. మొదటినుంచీ మరకలు మరకలుగా ఉండే గోడ కాబట్టి కొత్త మరక అందులో కలిసిపోతుంది. గ్లేజ్ నెమ్మదిగా ఆరుతుంది కూడా, నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ అద్దే వ్యవధి దొరుకుతుంది. చేతిపని రానివాళ్లకు అదో వరం.

(పెయింటర్లు ఆల్బంలో చూపించే ప్రతి నునుపు డిజైన్‌నూ 'స్టక్కో' అనేస్తారు. పాత పద్ధతి ఇటాలియన్ స్టక్కో అంటే సున్నం, పాలరాతి పొడి కలిపి, పలుచటి పొరలుగా పూసి, స్టీలు తాపీతో మెరిసేదాకా నొక్కేది. డబ్బాలో వచ్చేవాటిలో అక్రిలిక్‌వీ ఉంటాయి. ఏది వేస్తున్నారో అడిగి తెలుసుకోండి, ధర చెప్పినప్పుడు తేడా తెలుస్తుంది.)

మళ్లీ వేయిస్తానా అంటే, మా ఇంటి పరిస్థితికి అవుననే చెబుతాను. మా పిల్లలు గోడల మీద గీసే వయసు దాటారు, ఇల్లు సొంతం, మారే ఆలోచన లేదు. పొద్దున కాఫీ తాగేటప్పుడు ఆ గోడను చూడటం నాకు ఇప్పటికీ ఇష్టమే. అద్దె ఇల్లయితే, చెమ్మ ఎక్కే గోడయితే, వైరింగు పనులు ఇంకా తేలకపోతే ఈ జోలికి పోవద్దు. తప్పదనుకుంటే గోడంతా ఒకటే పరుపులా కాకుండా, సన్నటి బీడింగ్‌తో గళ్లుగా విడగొట్టించి వేయించుకోండి. రేపు ఏదైనా జరిగితే ఆ ఒక్క గడి మళ్లీ వేస్తే సరిపోతుంది. మా పెయింటర్ ఈ ఉపాయం గాడి పూడ్చాక చెప్పాడు.

మొన్న ఇంటర్నెట్ కేబులు వాళ్లు వచ్చి ఇదే గోడకు డ్రిల్లు ఎత్తారు. వద్దని, కేబులు స్కర్టింగు మీదుగా తెల్ల కేసింగులో లాగించాను. చూడ్డానికి ఏం బాగోలేదు. మా ఆవిడ రోజూ అంటూనే ఉంది.