ఎఫ్‌జడ్‌ఎఫ్‌లో రీలోడ్-సింక్: దానంతట అదే మారే జాబితాతో రెండేళ్లు

ఎఫ్‌జడ్‌ఎఫ్ (టెర్మినల్‌లో ఒక జాబితాలో టైప్ చేస్తూ వెతికి, కావాల్సిన వరుసని ఎంచుకునే ప్రోగ్రామ్) గురించి మొదటి నుంచీ, ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో ఇక్కడ రాయడం లేదు, టెర్మినల్‌లో పనిచేసేవాళ్లకి అది తెలిసిందే. నేను రాసేది ఒక్కదాని గురించే. తెర మీద ఉన్న జాబితాని, మనం అందులో వెతుకుతుండగానే, కొత్తదానితో మార్చేసే రీలోడ్-సింక్ గురించి. ఇది 0.36 వెర్షన్‌లో వచ్చింది, రెండేళ్లుగా రోజూ వాడుతున్నాను, నాకు చాలా ఇష్టం.

మామూలు రీలోడ్, అంటే ఒక కమాండ్ నడిపి దాని ఫలితంతో జాబితాని మార్చడం, అంతకు ముందే ఉంది. కానీ కమాండ్ నెమ్మదిగా నడిచేదైతే జాబితా సగం సగంగా కనిపిస్తుంది, కన్ను ఎక్కడా నిలవదు. సింక్‌లో అలా కాదు, కమాండ్ మొత్తం పూర్తయ్యేదాకా పాత జాబితా అలాగే ఉంటుంది, అందులో వెతుక్కోవచ్చు, ఎంచుకోవచ్చు, తర్వాత ఒక్కసారిగా మారుతుంది. మనం టైప్ చేసిన మాట కూడా చెరగదు. దీన్ని లోడ్ ఈవెంట్‌కి (జాబితా పూర్తిగా వచ్చిన ప్రతిసారీ జరిగేదానికి) బైండ్ చేసి, అంటే ముడిపెట్టి, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను, అంటే ప్రాసెస్‌లను, చూపే పీఎస్ కమాండ్ ముందు రెండు సెకన్లు ఆగే స్లీప్ పెడితే ప్రాసెస్‌ల జాబితా దానంతట అదే తాజా అవుతూ ఉంటుంది. ఇదే పనికి ఒకప్పుడు ఎన్‌కర్సెస్ అనే టెర్మినల్ తెరల లైబ్రరీతో పెద్ద ప్రోగ్రామే రాసుకున్నాను, స్క్రోల్ ఎక్కడుందో, ఏ వరుస మీద ఉన్నామో అన్నీ నేనే లెక్క చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క లైను చాలు!

అయితే ఒకరోజు గట్టి దెబ్బ తగిలింది. జాబితాని సీపీయూ వాడకం ప్రకారం పెట్టుకున్నాను, కంట్రోల్-ఎక్స్ నొక్కితే ఆ వరుసలోని పీఐడీకి (ప్రాసెస్ నంబరుకి) కిల్, అంటే దాన్ని ఆపేసే కమాండ్, వెళ్లేలా, అదీ ఎగ్జిక్యూట్-సైలెంట్‌తో, అంటే ఏమీ అడగకుండా. ఇరుక్కుపోయిన బ్రౌజర్ ట్యాబ్ మూడో వరుసలో కనిపించింది, కర్సర్ అక్కడికి తెచ్చి నొక్కాను. నేను చూడటానికీ నొక్కడానికీ మధ్య జాబితా మారింది. కర్సర్ మాత్రం మూడో వరుసలోనే ఉంది, ఆ వరుసలోకి వచ్చింది పొద్దుటి నుంచి నడుస్తున్న నా డేటా ఎక్స్‌పోర్ట్. ఆరు గంటల పని పోయింది, మధ్యలో ఎక్కడా సేవ్ చేయని స్క్రిప్ట్ కాబట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ రాత్రంతా టెన్షనే.

తర్వాత కర్సర్ తానున్న వరుసనే వెంటాడేలా చేసే ట్రాక్ ఆప్షన్ పెట్టి చూశాను. ఒకే జాబితాలో వెతికే మాట మార్చినప్పుడు బాగానే పనిచేసింది కానీ, జాబితానే మారిపోయే నా అవసరం దాంతో తీరలేదు. సీపీయూ ప్రకారం కాకుండా పీఐడీ క్రమంలో పెట్టాను, కొత్తవి ఎక్కువగా చివర్లో చేరతాయి కాబట్టి కుదుపు తగ్గింది, కానీ పైన ఏదైనా ప్రాసెస్ ముగిస్తే కింద ఉన్నవన్నీ ఒక మెట్టు ఎక్కుతాయి. జాబితా మారడం ఆపేయడానికి ఒక కీకి అన్‌బైండ్ (ఆ ముడి తీసేయడం) పెట్టుకున్నా, అప్పటికే మొదలైన రీలోడ్ ఇంకొక్కసారి వచ్చి మారుస్తుంది, అది అయ్యేదాకా ఆగాలి.

చివరికి కుదిరింది వేరే. సైలెంట్ తీసేసి మామూలు ఎగ్జిక్యూట్ పెట్టాను, అందులో నేను రాసిన కమాండ్ పీఐడీ, ప్రాసెస్ పేరు చూపించి వై నొక్కితేనే కిల్ చేస్తుంది. కీ నొక్కిన క్షణంలో ఏ వరుస ఉందో దాని పీఐడీయే కమాండ్‌లోకి వెళుతుంది, వెనక జాబితా ఎంత మారినా అది మారదు. కాబట్టి నేను చదివేదే చచ్చేది. ఏడాదిగా ఒక్క పొరపాటూ జరగలేదు.

పైన ఒక్క లైను చాలన్నాను కదా, ఇప్పుడు నా ఫైల్‌లో అది పద్నాలుగు లైన్లు. అయినా నాకు బాధ లేదు. నాది ఒక్కడినే వాడే మెషిన్, మూడు వందల వరుసలు దాటని జాబితా. పదిమంది పనిచేసే సర్వర్‌లో, క్షణానికో ప్రాసెస్ పుట్టి పోయే చోట అయితే దానంతట అదే మారే పద్ధతి నేను పెట్టను, కంట్రోల్-ఆర్ నొక్కినప్పుడే రీలోడ్ అయ్యేలా పెట్టుకుంటాను.